ఫ్లై కట్టడానికి హాకిల్ ఈక: ఎంపిక నుంచి చుట్టే దాకా

ఫ్లై ఫిషింగ్‌లో ఎరగా వాడే ఫ్లై అంటే చిన్న కొక్కెం మీద దారంతో, బొచ్చుతో, ఈకలతో కట్టిన పురుగు బొమ్మ. ఆ బొమ్మ చుట్టూ కాళ్ళలాగా విచ్చుకొని నిలబడే ఈకను హాకిల్ అంటారు. కొత్తగా నేర్చుకునేవారు ఈక చుట్టడం తమకు చేతకావడం లేదని బాధపడుతుంటారు గానీ, వారి బల్ల మీదున్న ఈకను చేతిలోకి తీసుకుని చూస్తే చాలాసార్లు తప్పు చేతిది కాదని, ఈకదేనని తెలుస్తుంది. మెలికపడే కాడ, నూగు నిండిన అంచు, కొక్కేనికి పొసగని కొలత ఉన్న ఈకను ఎంత నేర్పరి చుట్టినా చక్కగా కూర్చోదు. అందుచేత ఈ వ్యాసంలో సగభాగం ఎంపికకే కేటాయించాను.

ఈక నీటి మీద చేసే పని

తేలే ఫ్లైని డ్రై ఫ్లై అంటారు. ఈకను కొక్కెం చుట్టూ తిప్పినప్పుడు కాడకు ఇరువైపులా ఉన్న పోగులు చక్రపు ఆకుల్లా నలువైపులా లేస్తాయి. ఆ పోగుల కొనలు నీటి పైపొరను గుచ్చకుండా దాని మీద ఆనుకొని, తలతన్యత సాయంతో కొక్కెం బరువును పంచుకుంటాయి. కాబట్టి డ్రై ఫ్లైకి కావలసిన పోగు గట్టిగా, మెరుస్తూ, నీరు పీల్చకుండా ఉండాలి. మునిగే ఫ్లై అంటే వెట్ ఫ్లై సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. దాని ఈక మెత్తగా ఉండి, నీరు పీల్చుకుని, ప్రవాహం తాకిడికి ప్రాణమున్న కాళ్ళలా కదలాలి. మొదటిదానికి పుంజు ఈక, రెండోదానికి పెట్ట ఈక లేదా కౌజుపిట్ట ఈక అన్న పాత నియమానికి మూలం ఇదే. ఏ ఈక మంచిదన్న ప్రశ్నకు ముందు ఏ ఫ్లై కోసమన్న ప్రశ్న వేసుకోవాలి.

ప్రతి ఈక మొదట్లోనూ కాడకు దగ్గరగా మబ్బుగా కనిపించే మెత్తని భాగం ఉంటుంది. దీనిని వెబ్ అంటారు. తెలుగులో నూగు అనుకోవచ్చు. ఈకను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే నూగు ఉన్నంత మేరా వెలుగు సరిగా దూరదు. మంచి డ్రై ఫ్లై ఈకలో ఈ నూగు మొదట్లోనే సన్నని త్రికోణంలా ముగిసిపోతుంది. నాసిరకం ఈకలో అది కాడను పట్టుకుని సగం పొడవు దాకా పాకుతుంది. ఆ భాగం నీటిని వత్తిలా పీల్చి ఫ్లైని ముంచేస్తుంది.

తోలును చదవడం

ఈకలు విడివిడిగా కాకుండా ఎక్కువగా తోలుతో సహా అమ్ముడవుతాయి. పుంజు మెడ తోలును కేప్ అంటారు. నడుము మీది తోలును శాడిల్ అంటారు. కేప్‌లో తల వైపు ఈకలు బొత్తిగా చిన్నవిగా ఉంటాయి, భుజాల వైపు వస్తున్నకొద్దీ పెద్దవవుతాయి. కాబట్టి ఒకే తోలు మీద 10వ నంబరు కొక్కెం నుంచి 20వ నంబరు దాకా, మేలైన తోలు అయితే ఇంకా చిన్న కొక్కేలకూ సరిపడే ఈకలు దొరుకుతాయి. కొక్కెం నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుందన్న సంగతి కొత్తవారు గుర్తుంచుకోవాలి. కేప్ అంచుల్లో పొడవైన, బిరుసైన పోగులున్న పొట్టి ఈకలుంటాయి. వీటిని స్పేడ్ ఈకలంటారు. ఫ్లై తోక కట్టడానికి వీటిని మించినవి లేవు. చాలామంది వీటిని చూడకుండా పారేస్తారు.

శాడిల్ ఈక సన్నగా, జానెడుకు మించిన పొడవుతో ఉంటుంది. దాని పోగులు మొదలు నుంచి చివరి దాకా దాదాపు ఒకే పొడవుంటాయి కాబట్టి ఒక్క ఈకతో నాలుగైదు ఫ్లైలు కట్టవచ్చు. అయితే ఒక శాడిల్‌లో రెండు మూడు నంబర్ల కొక్కేలకు సరిపడే ఈకలే ఉంటాయి. నా సలహా అడిగితే, ఏ నంబరు ఫ్లైలు ఎక్కువ కడతారో తెలియని మొదటి ఏడాదిలో కేప్ కొనాలి; అది తెలిసిన తరువాత ఆ నంబరుకు శాడిల్ కొనాలి.

ఇంతటి ఈకలు పాతకాలంలో లేవు. అమెరికాలోని క్యాట్‌స్కిల్ కొండల్లో ఫ్లైలు కట్టి అమ్ముకుని బ్రతికిన హ్యారీ డార్బీ తన అవసరం కోసమే పుంజులను ఎంపిక చేసి పెంచాడు. ఆయన దగ్గరి కోళ్ళ సంతతిని మిన్నెసోటాకు చెందిన ఆండీ మైనర్ మెరుగుపరిచాడు. 1970ల్లో పెన్సిల్వేనియాలో బక్ మెట్జ్ ఆ పనిని వ్యాపార స్థాయికి తీసుకుపోయాడు. ఒరెగాన్‌లో హెన్రీ హాఫ్‌మన్ తీర్చిదిద్దిన జాతిని 1989లో టామ్ వైటింగ్ తీసుకుని కొలరాడోలోని డెల్టాలో పెంపకం మొదలుపెట్టాడు. ఈకల కోసమే తరతరాలుగా ఎంపిక చేసిన ఇలాంటి కోళ్ళ ఈకలను జెనెటిక్ హాకిల్ అంటారు. అంతకు ముందు అక్కడి దుకాణాల్లో చవకగా దొరికినవి మన దేశం నుంచీ చైనా నుంచీ వెళ్ళిన మెడ తోళ్ళే. ఇండియన్ నెక్ అన్న పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. ఆ తోలు చిన్నది, ఈక పొట్టిది, నూగు ఎక్కువ. అయినా మునిగే ఫ్లైలకు, చేయి తిరగడానికి చేసే సాధనకు అది బాగానే పనికివస్తుంది. మన ఊళ్ళ నాటుకోడి పుంజు మెడ ఈకను కూడా ఈ లెక్కలోనే చూడాలి.

తోళ్ళ మీద కాంస్యం, వెండి, బంగారం అని శ్రేణులు వేస్తారు. ఈ శ్రేణి ప్రధానంగా తోలులో పనికొచ్చే ఈకలెన్ని, అవి ఎంత పొడవు, ఎంత చిన్న కొక్కేల దాకా వస్తాయన్నదాన్ని బట్టి ఉంటుంది. అందువల్ల కాంస్య శ్రేణి తోలులోని ఒక మంచి ఈకకూ బంగారు శ్రేణి ఈకకూ నీటి మీద తేడా తెలియకపోవచ్చు. 12, 14 నంబర్లు మాత్రమే కట్టేవారు పై శ్రేణికి డబ్బు పోయడం దండగ.

కొనేముందు నాలుగు పరీక్షలు చేయాలి. మొదట తోలును వంచి ఈకలు విచ్చుకునేలా చేసి, వాటి దట్టం చూడాలి. తరువాత ఒక ఈకను తోలు నుంచి ఊడదీయకుండానే వేలి చుట్టూ వంచాలి. పోగులు సమానమైన పొడవుతో నిటారుగా లేవాలి, ఒక పక్కకు ఒరగకూడదు. ఆ పోగుల కొనలను పెదవికి తాకిస్తే గట్టి ఈక చిన్న ముల్లులా గుచ్చుకుంటుంది, మెత్తనిది ఉన్నట్టే తెలియదు. చివరగా కాడను చిన్న వలయంలా వంచాలి. గుండ్రంగా వంగితే మంచిది. ఒకచోట విరిగినట్టు కోణం తేలితే ఆ తోలును వెనక్కి పెట్టేయాలి. నాలుగింటిలోనూ ఇదే ముఖ్యమైనదని నా అభిప్రాయం. పోగులు కాస్త మెత్తనైనా ఫ్లై అవుతుంది గానీ, కాడ మొండిదైతే చుట్టే ప్రతిసారీ మెలికపడి పోగులను తలో దిక్కుకు విసురుతుంది.

రంగుల మాటలు

ఇంగ్లండ్, అమెరికాల్లో ఈ పని చేసేవారు కోడి ఈకల రంగులకు ప్రత్యేకమైన పేర్లు పెట్టుకున్నారు. నలుపు తెలుపు చారలు అడ్డంగా ఉన్నది గ్రిజ్లీ. ఇది చారల ప్లిమత్ రాక్ కోళ్ళలో కనిపించే ఈక. బూడిద రంగు ఛాయలన్నీ డన్. లేత వన్నె ఈక నడుమ నల్లని గీత ఉంటే బ్యాడ్జర్, ఎర్రమట్టి రంగు ఈక నడుమ ఆ గీత ఉంటే ఫర్నెస్. ఈ జాబితా తెలుగువారికి కొత్తగా అనిపించనక్కరలేదు. గోదావరి, కృష్ణా జిల్లాల్లో పుంజులను కాకి, సేతు, డేగ, మైల, పూల అని ఈకను బట్టే పిలుస్తారు. పందేలను చట్టం నిషేధించింది గానీ ఆ మాటలు భాషలో నిలిచే ఉన్నాయి. డేగ ఈక వారు బ్రౌన్ అనే ఎర్ర గోధుమ రంగుకు దగ్గర. ఒకే ఈకలో నలుపు, తెలుపు, ఎరుపు కలిసిన పూల వన్నెకు దగ్గరగా ఉండేది క్రీ. అది అరుదుగా పుడుతుంది కనుక ధర ఎక్కువ. మొదటి కొనుగోలుకు బ్రౌన్ ఒకటి, గ్రిజ్లీ ఒకటి చాలు. ఆ రెండింటితో కట్టే ఫ్లైలే ఒక జీవితకాలానికి సరిపడేటన్ని ఉన్నాయి.

కొలత

కొక్కెం పొడవాటి తిన్నని భాగాన్ని షాంక్ అంటారు. షాంకుకూ ముల్లు మొనకూ మధ్య ఉన్న ఎడం కొక్కెం నోరు. దీనినే గేప్ అంటారు. మామూలు డ్రై ఫ్లైకి పోగు పొడవు ఈ నోటికి ఒకటిన్నర రెట్లు ఉండాలి. నోరు 5 మిల్లీమీటర్లుంటే పోగు 7.5 మిల్లీమీటర్లుండాలన్న మాట. పోగును కాడ నుంచి కొన వరకు కొలవాలి. ఈక మొత్తం వెడల్పును కొలిచి మోసపోకూడదు. ఈకను వంచి చూసే హాకిల్ గేజ్ అనే చిన్న పరికరం దొరుకుతుంది. అది లేకపోతే వైస్‌లో, అంటే కొక్కేన్ని కదలకుండా పట్టే బిగింపు పరికరంలో, బిగించిన కొక్కెం షాంక్ మీదే ఈకను వంచి, లేచిన పోగులను నోటితో పోల్చవచ్చు. సందేహం వచ్చినప్పుడు కాస్త పొట్టి ఈకనే తీసుకోవాలి. పొడవు ఎక్కువైన హాకిల్ ఫ్లైని తోక మీదికి ఒరిగేలా చేస్తుంది.

చుట్టడం: ఆడమ్స్ ఉదాహరణగా

1922లో మిషిగన్ రాష్ట్రంలోని మేఫీల్డ్‌లో లెనార్డ్ హాలడే కట్టిన ఆడమ్స్ అనే ఫ్లైని ఉదాహరణగా తీసుకుంటున్నాను. దాన్ని మొదట వేసి చూసిన ఛార్లెస్ ఆడమ్స్ అనే స్నేహితుడి పేరే దానికి పెట్టారు. బ్రౌన్, గ్రిజ్లీ ఈకలు రెండూ కలిపి చుట్టాలి కనుక ఇది వచ్చినవారికి ఒక ఈకతో చుట్టేవన్నీ సులువవుతాయి. ఇక్కడి సూచనలు కుడిచేతి వాటం వారికి, కొక్కెం కన్ను, అంటే గాలపు దారం కట్టే రంధ్రం, కుడివైపున ఉన్నప్పటికి వర్తిస్తాయి. 14వ నంబరు డ్రై ఫ్లై కొక్కెం తీసుకోండి.

తోక, బూడిద రంగు బొచ్చు ఒళ్ళు, గ్రిజ్లీ ఈక కొనలతో చేసిన రెక్కలు ముందే కట్టి ఉన్నాయనుకుందాం. రెక్కలు కంటికి షాంక్ పొడవులో సుమారు మూడో వంతు వెనుక నిలుస్తాయి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒళ్ళును రెక్కల మొదలు దాకా తెచ్చి ఆనించడం. రెక్కల వెనుక కూడా హాకిల్ చుట్లు పడాలి కనుక అక్కడ ఒకటిన్నర మిల్లీమీటర్ల ఖాళీ వదలాలి. ఆ ఖాళీలోనూ రెక్కల ముందూ దారాన్ని ఎగుడుదిగుడు లేకుండా పరచాలి. పునాది గుట్టగా ఉంటే పోగులు ఆ గుట్ట వాలును బట్టే ఒరుగుతాయి. తరువాత ఎంత సవరించినా లేవవు. కన్ను వెనుక కంటి పొడవంత చోటు ఖాళీగా ఉంచాలి. తల కట్టడానికి ఆ చోటు కావాలి.

ఇప్పుడు రెండు ఈకలను సిద్ధం చేయాలి. రెంటి పోగుల పొడవూ ఒకటే అయి ఉండాలి. మొదట్లోని నూగు భాగాన్ని తీసేసిన తరువాత మిగిలిన కాడ మీద, దారం కింద పడే నాలుగైదు మిల్లీమీటర్ల మేర, పోగులను పీకేయకుండా కత్తెరతో పొట్టిగా కత్తిరించాలి. మిగిలే గరుకు మొలకలను దారం పట్టుకుంటుంది కాబట్టి కాడ జారిపోదు. పోగులను పీకితే కాడ నున్నగా తయారై, చుట్టే లాగుడుకు బయటకు వచ్చేస్తుంది. మొదట్లో నాకు ఫ్లై సగంలో ఊడిపోవడానికి కారణం ఇదేనని చాలా ఆలస్యంగా తెలిసింది.

రెండు ఈకలనూ ఒకదాని మీద ఒకటి, మెరిసే ముఖాలు ఒకే వైపు ఉండేలా పేర్చి, రెక్కల వెనుక షాంక్ మీద ఆనించాలి. ఈకలను పైకి లేపినప్పుడు మెరిసే ముఖం కన్ను వైపు తిరిగి ఉండాలి. మసక ముఖాన్ని ముందుకు పెట్టి కట్టేవారూ ఉన్నారు, అప్పుడు పోగులు కొద్దిగా ముందుకు వంగుతాయి. రెండూ చేపను పట్టేవే కనుక దీనిపై వాదన అనవసరం. కాడల మీద రెక్కల వెనుక దారం నాలుగు చుట్లు, తరువాత రెక్కల ముందుకు వచ్చి మరో మూడు చుట్లు వేసి, మిగిలిన కాడలను కత్తిరించాలి. కట్టు దగ్గర పోగులు మొదలయ్యే ముందు ఒక మిల్లీమీటరు బోడి కాడ కనిపించాలి. మొదటి చుట్టు తిరిగేటప్పుడు ఆ బోడి భాగం షాంక్ మలుపును తీసుకుంటుంది, పోగులు నిటారుగా మొదలవుతాయి. అది లేకపోతే మొదటి పోగులు వెనక్కి, ఒళ్ళు మీదికి పడుకుంటాయి. దారాన్ని కన్ను వెనుక వదిలిన ఖాళీ అంచుకు తెచ్చి, దారపు కండెను పట్టే బాబిన్ బరువుకు వేలాడనివ్వాలి.

ఈకను పట్టి తిప్పే చిన్న పటకారు లాంటి హాకిల్ ప్లయర్స్‌తో బ్రౌన్ ఈక కొనను, కాడకు వరసగా, అడ్డంగా కాకుండా పట్టుకోవాలి. అడ్డంగా పట్టుకుంటే దవడ అంచు దగ్గరే కాడ తెగుతుంది. దారం ఏ దిక్కున తిరిగిందో ఈకనూ ఆ దిక్కునే, అంటే షాంక్ మీదుగా మీ నుంచి దూరంగా తిప్పాలి. రెక్కల వెనుక మూడు చుట్లు, ఒకదానికొకటి ఆనుకుని పడాలి. తరువాత రెక్కల కింద నుంచి ముందుకు దాటి మరో మూడు చుట్లు వేయాలి. చుట్టేంతసేపూ లాగుడు ఒకే తీరుగా ఉండాలి. సన్నని కాడ తెగేంత బిగువు వద్దు, చుట్టు సడలేంత వదులూ వద్దు. ప్లయర్స్ మీ వేళ్ళ మధ్య తిరుగుతూ ఉండాలి, లేకపోతే ప్రతి చుట్టుకూ ఈక ఒక మెలిక తిరుగుతుంది.

దారం దగ్గరకు చేరాక ఈక కొనను ఎడమచేత్తో పైకి, కొంచెం వెనక్కి పట్టుకుని, దారంతో దాని మీద మూడు గట్టి చుట్లు వేయాలి. మిగిలిన కొనను ఇప్పుడే కత్తిరించవద్దు. గ్రిజ్లీ ఈకను అదే మార్గంలో తిప్పాలి. దీన్ని తిప్పేటప్పుడు పక్కలకు స్వల్పంగా ఆడిస్తూ ఉంటే కాడ బ్రౌన్ పోగుల నడుమ సందు చేసుకుని షాంక్ మీదికి దిగుతుంది. ఆడించకపోతే మొదటి ఈక పోగులను తొక్కేసి పడుకోబెడుతుంది. కొందరు రెండు ఈకలనూ కలిపి ఒకేసారి తిప్పుతారు. పని త్వరగా అవుతుంది గానీ రెంటి కాడల మందంలో తేడా ఉంటే ఒకటి సడలిపోతుంది. అందువల్ల నేను విడివిడిగానే తిప్పమంటాను.

రెండో ఈకను కూడా కట్టేసిన తరువాత పోగులను వేళ్ళతో వెనక్కి దువ్వి, కొనలు రెంటినీ సూదిమొన కత్తెరతో దగ్గరగా కత్తిరించాలి. దారంతో చిన్న తల కట్టి, దారం కొన చుట్ల కిందే దాగే విప్ ఫినిష్ ముడి వేసి, సిమెంట్ అనే జిగురును ఒక చుక్క పూయాలి. కన్నులో సూది దూర్చి అది మూసుకుపోలేదని చూసుకోవాలి. నది ఒడ్డున చలిలో ఆ పని చేయడం ఎంత కష్టమో ఒకసారి అనుభవిస్తే ఇది మరిచిపోరు.

ఇప్పుడు ఫ్లైని ఒక అడుగు ఎత్తు నుంచి బల్ల మీద పడేయండి. సరిగా కట్టినదైతే హాకిల్ కొనల మీదా తోక మీదా ఆనుకుని నిలబడుతుంది. ప్రతిసారీ ఒకే పక్కకు ఒరిగితే రెక్కలు వంకరగా ఉన్నాయన్న మాట. ముక్కు మీద పడితే హాకిల్ పొడవుకూ తోక పొడవుకూ పొసగలేదన్న మాట. లేచి నిలబడకుండా కొన్ని పోగులు ముందుకూ కొన్ని వెనక్కూ చెదిరి ఉంటే, కాడ మెలికపడిందో లేక పునాది గుట్టగా ఉందో చూడాలి. చెదిరిన పోగులను కత్తెరతో కత్తిరించి సరిచేయకూడదు. మొండి కొనలు నీటి పైపొరను గుచ్చుతాయి.

చుట్టే మరికొన్ని పద్ధతులు

పారాషూట్ ఫ్లైలో హాకిల్‌ను షాంక్ చుట్టూ కాకుండా నిలువుగా లేచిన కుచ్చు చుట్టూ, నేలకు సమాంతరంగా చుట్టాలి. మొదటి చుట్టు కుచ్చు మీద పైన మొదలై, ప్రతి తరువాతి చుట్టూ దాని కింద పడాలి. కింది నుంచి పైకి చుట్టితే చుట్లు జారి ఊడతాయి. పోగుల మసక ముఖం కిందికి ఉండాలి. ఈ పద్ధతికి ఈక ఒక నంబరు పెద్దదైనా ఇబ్బంది లేదు.

పామర్ పద్ధతిలో ఈక ఒళ్ళంతా సర్పిలంగా పాకుతుంది. 1967లో పెన్సిల్వేనియాలో రస్సెల్ బ్లెస్సింగ్ కట్టిన వూలీ బగ్గర్ దీనికి పేరుపొందిన ఉదాహరణ. ఇది మునిగే ఫ్లై కనుక ఇక్కడ నూగున్న మెత్తని శాడిల్ ఈకే మేలు. పళ్ళున్న చేపకు కాడ ఒకచోట తెగితే మొత్తం ఈక విప్పుకుపోతుంది. దాన్ని ఆపడానికి సన్నని రాగి తీగను ఈక తిరిగిన దిక్కుకు ఎదురుగా చుట్టి, ప్రతి చుట్టుకూ కాడను ఒకచోట అదిమిపట్టాలి.

ఉత్తర ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ వాగుల్లో వాడే మెత్తని హాకిల్ ఫ్లైలకు కౌజుపిట్ట ఈకను మొదలు వైపు కాక కొన వైపు నుంచి కట్టి, ఒక చుట్టు, మహా అయితే రెండు చుట్లు వేస్తారు. పుటాకార ముఖం తోక వైపు ఉండాలి. అప్పుడు పోగులు వెనక్కి వాలి ఒళ్ళును కమ్ముతాయి. డ్రై ఫ్లైకి అలవాటు పడిన చేయి ఇక్కడ మూడో చుట్టు వేయడానికి తహతహలాడుతుంది; వేయకూడదు.

తోళ్ళను దాచడం, అడవికోడి సంగతి

తోళ్ళకు పెద్ద శత్రువులు చిమటలు, తోలు తినే పెంకుపురుగులు. కొత్తగా తెచ్చిన ప్రతి తోలునూ, దుకాణం ఎంత మంచిదైనా, గాలి దూరని సంచిలో వేసి కొన్ని రోజులు ఫ్రీజర్‌లో ఉంచి, బయట ఉంచి, మళ్ళీ ఫ్రీజర్‌లో పెట్టిన తరువాతే మిగిలిన వాటితో కలపాలి. జిడ్డుగా ఉన్న తోలును గోరువెచ్చని నీటిలో కాస్త సబ్బుతో కడిగి నీడన ఆరబెట్టవచ్చు. వంకర తిరిగిన ఈకలు మరుగుతున్న కెటిల్ ఆవిరి తగిలితే తమంతట తామే చక్కబడతాయి.

పాత సాల్మన్ ఫ్లైలలో చెంపల దగ్గర మైనపు చుక్కలాంటి తెలుపు, పసుపు మచ్చలున్న ఈక కనిపిస్తుంది. అది దక్షిణ భారతదేశపు బూడిదరంగు అడవికోడి పుంజు మెడ ఈక. విక్టోరియా కాలం నాటి ఫ్లైల కోసం మన అడవుల నుంచి అది విస్తారంగా తరలిపోయింది. ఇప్పుడు ఆ పక్షికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. మన దేశంలో దాన్ని పట్టడం, ఈకలు అమ్మడం నేరం. విదేశాల్లో పెంపకపు పక్షుల నుంచి వచ్చే ఈకలకు పత్రాలుంటాయి. అక్కడ ఉంటున్న తెలుగువారు పత్రాలు లేనిదాన్ని కొనకూడదు. కోడి తోలును సరిహద్దు దాటించేటప్పుడు కూడా బర్డ్ ఫ్లూ నిబంధనలు అడ్డుపడతాయి కాబట్టి ముందుగా కస్టమ్స్ నియమాలు చూసుకోవాలి.

ఇక కుదరకుండా పోయిన ఫ్లైలను పారేయనక్కరలేదు. రేజర్ బ్లేడును షాంక్ వెంట పొడుగునా ఒక్కసారి లాగితే దారమూ ఈకా కలిసి రాలిపోతాయి. కొక్కెం మొన ఇంకా గోటి మీద గీరుకుంటూ ఉంటే, దాన్ని మళ్ళీ వైస్‌లో బిగించి దారం వేయడం మొదలుపెట్టవచ్చు.